అంచనాలు ఆపేసిన టీమ్: సాఫ్ట్‌వేర్ పద్ధతిని సంస్థకు అమర్చుకోవడం ఎలా

2004లో మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగంలో ఒక చిన్న మెయింటెనెన్స్ టీమ్ ఉండేది. కంపెనీ లోపల వాడే 80 దాకా అప్లికేషన్లలో మార్పులు చేయడం, బగ్‌లు సరిదిద్దడం దాని పని. మేనేజర్ అమెరికాలోని రెడ్‌మండ్‌లో ఉంటే, ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు హైదరాబాద్‌లో ఒక వెండర్ కంపెనీ తరఫున పనిచేసేవారు. ఆ వెండర్‌కు సాఫ్ట్‌వేర్ ప్రక్రియల పరిపక్వతను కొలిచే సీఎంఎంఐలో అత్యున్నతమైన 5వ స్థాయి ఉంది. ఏ పనికి ఎంత సమయం పట్టింది, ఏ లోపం ఏ దశలో దొరికింది అని ఎప్పటికప్పుడు లెక్క రాసుకునే పీఎస్‌పీ, టీఎస్‌పీ పద్ధతులు అక్కడ అమల్లో ఉన్నాయి. రూల్స్ ప్రకారం చూస్తే వంక పెట్టడానికి వీల్లేని టీమ్. అయినా ఎవరైనా ఒక మార్పు అడిగితే అది చేతికందడానికి ఐదు నెలలు పట్టేది. 80కి పైగా అభ్యర్థనలు క్యూలో పేరుకుపోయాయి. విభాగం మొత్తంలో అందరికంటే చెడ్డపేరు ఈ టీమ్‌దే.

ప్రోగ్రామ్ మేనేజర్ ద్రాగోష్ దుమిత్రియు, అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేస్తున్న డేవిడ్ ఆండర్సన్ కలిసి పని ఎక్కడ ఆగుతోందో వెతికారు. కోడింగ్‌లోనో టెస్టింగ్‌లోనో ఆగడం లేదు. కొత్త అభ్యర్థన వచ్చిన ప్రతిసారీ 48 గంటల్లో దానికి ఎంత పని పడుతుందో అంచనా చెప్పాలన్న నియమం ఉంది. ఒక్కో అంచనాకు ఒక డెవలపర్, ఒక టెస్టర్ ఒక రోజు వెచ్చించాలి. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి మరీ అది చేయాలి. టీమ్ శక్తిలో మూడో వంతుకు పైగా ఇలా అంచనాలకే పోయేది. పైగా అంచనా వేసిన వాటిలో చాలా అభ్యర్థనలు చివరికి ఎప్పటికీ చేయనివే. మరి అంచనాలు ఎందుకు? ఒక్కో మార్పు ఖర్చును అడిగిన విభాగం బడ్జెట్‌లోంచి బదిలీ చేయాలి కాబట్టి. ఆ అంచనాలు పట్టుకుని ప్రొడక్ట్ మేనేజర్లు నెలకోసారి కూర్చుని వరుస మార్చేవారు. నిన్న మూడో స్థానంలో ఉన్నది నేడు ఇరవైకి జారేది.

వాళ్లు అంచనాలు ఆపేశారు. వెండర్‌కు ఏడాది పొడవునా ఇచ్చే మొత్తం ఎలాగూ మారదు కాబట్టి, ఆ ఖర్చును విభాగాలు ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకునేలా ఒప్పించారు. నెలవారీ వరుస మార్పులు పోయాయి. వారానికోసారి ఒకే ప్రశ్న మిగిలింది: ‘ఇప్పుడు ఇన్ని ఖాళీలు ఉన్నాయి, ఏవి ముందు తీసుకోవాలి?’ డెవలపర్ చేతిలో ఒక సమయంలో ఒకటే పని. 15 రోజులకు మించే పెద్ద పని అని మధ్యలో తేలితే దాన్ని వెనక్కి పంపేయడమే. తొమ్మిది నెలల్లో ఐదు నెలల నిరీక్షణ రెండు వారాల చుట్టుపక్కలకు వచ్చింది. మూడు నెలల్లో పూర్తయ్యే మార్పుల సంఖ్య మూడింతలు దాటింది. చేతిలో ఉన్న పనుల సంఖ్యకు హద్దు పెట్టి, ఖాళీ అయినప్పుడే కొత్తది తీసుకునే కాన్‌బాన్ పద్ధతికి సాఫ్ట్‌వేర్ రంగంలో తొలి ఉదాహరణగా ఈ కథనే చెబుతారు. అందులో సగం భాగం హైదరాబాద్‌లో జరిగిందన్న సంగతి మాత్రం ఇక్కడ చాలామందికి తెలియదు.

ఇందులో మనకు కావలసిన అంశం వేరే ఉంది. కోడ్ రాసే తీరు మారలేదు. టెస్టింగ్ తీరు మారలేదు. పనిని కొన్ని వారాల విడతలుగా విడగొట్టే స్ప్రింట్లు పెట్టలేదు. పదవుల పేర్లు మార్చలేదు. తర్వాత మనుషుల కూర్పు కొంత మారిన మాట నిజమే. కానీ ముఖ్యంగా మారినవి టీమ్‌కూ బయటి సంస్థకూ మధ్య ఉన్న ఒప్పందాలు: పని ఎలా లోపలికి వస్తుంది, ఎవరు ఎంచుతారు, డబ్బు ఎలా లెక్క కడతారు. పద్ధతిని సంస్థకు అమర్చుకోవడం అనగానే చాలా కంపెనీలు టీమ్ లోపలి సమావేశాల మీద పడతాయి. అసలు కదలాల్సింది ఎక్కువసార్లు టీమ్ గడప దగ్గరే ఉంటుంది.

మార్చకూడదన్నవారు, మార్చమన్నవారు

ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకుని చేతులు కాల్చుకోవడం ఈ రంగంలో పాత అలవాటే. వాటర్‌ఫాల్‌గా మనకు తెలిసిన వరుస దశల బొమ్మను విన్‌స్టన్ రాయిస్ 1970లో ఒక పత్రంలో గీశారు. ఆ పత్రంలో వాటర్‌ఫాల్ అన్న మాటే లేదు. అంతేకాదు, ఇలా ఒకే దిశలో సాగడం ప్రమాదకరమని, వైఫల్యాన్ని ఆహ్వానించడమేనని ఆయన ఆ బొమ్మ కిందే రాశారు. జనం బొమ్మను తీసుకున్నారు, హెచ్చరికను వదిలేశారు. అమెరికా రక్షణ శాఖ 1985లో తెచ్చిన 2167 ప్రమాణాన్ని కాంట్రాక్టర్లు ఆ వరుస దశల తీరులోనే, పత్రాల గుట్టలతో అమలుచేశారు. దాని స్థానంలో 1994లో వచ్చిన 498 ప్రమాణం ప్రాజెక్టుకు అవసరం లేని భాగాలను కత్తిరించుకోమని స్వయంగా చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు రెండు వాదాలున్నాయి. చిన్న టీమ్ స్ప్రింట్ల వారీగా పనిచేసే స్క్రమ్ పద్ధతికి మూలపత్రమైన స్క్రమ్ గైడ్ 2020 కూర్పు తన చట్రం మార్చరానిదని తేల్చేస్తుంది. కొన్ని భాగాలే అమలు చేయవచ్చు గానీ దాన్ని స్క్రమ్ అనవద్దంటుంది. మరో వైపు అలిస్టర్ కాక్‌బర్న్ తయారుచేసిన క్రిస్టల్ పద్ధతుల కుటుంబం మనుషుల సంఖ్యను బట్టి, లోపం వల్ల కలిగే నష్టాన్ని బట్టి పద్ధతి బరువు మారాలంటుంది. ఆరుగురికి సరిపోయే తేలికపాటి క్రిస్టల్ క్లియర్ నలభై మందికి సరిపోదు. లోపం వల్ల పోయేది కాస్త సౌకర్యమేనా, కొద్దిపాటి డబ్బా, సంస్థ కోలుకోలేనంత డబ్బా, ప్రాణమా అన్నది రెండో కొలత.

ఈ రెండు వాదాలకూ పొంతన ఉందని నా అభిప్రాయం. స్క్రమ్ కాపాడాలనుకునేది తన రూపాన్ని కాదు, ఆ రూపం మోసుకొచ్చే సమాచారాన్ని. నాలుగు వారాల లోపు ఒకసారి పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్ల ముందు పెట్టడం ఎందుకంటే, మనం అనుకున్నది తప్పేమో తెలుసుకోవడానికి. రూపం మార్చినా ఆ సమాచారం అదే వేగంతో వస్తుంటే నష్టం లేదు. రూపం అలాగే ఉంచి సమాచారం ఆగిపోతే, రోజూ స్టాండప్ (టీమ్ చిన్న సమావేశం) పెట్టినా ప్రయోజనం లేదు.

ఒక్కటి పీకితే మూడు కదులుతాయి

ప్రతి ప్రాక్టీసూ ఇంకో రెండు మూడింటి మీద ఆనుకుని ఉంటుంది. అమర్చుకోవడంలో ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే. కెంట్ బెక్ క్రైస్లర్ కంపెనీ పేరోల్ ప్రాజెక్టులో రూపుదిద్దిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌ను చూడండి. ముందుగా భారీ డిజైన్ వద్దు, ఈ రోజుకు చాలినంత సరళంగా రాయండి అంటుంది. అలా రాయగలగడానికి కారణం, రేపు నిర్భయంగా మార్చుకోగలగడం. నిర్భయంగా మార్చగలగడానికి కారణం ఆటోమేటెడ్ టెస్టులు. ‘మాకు టెస్టులు రాసే తీరిక లేదు, మిగతావి పాటిస్తాం’ అన్న టీమ్‌కు రెండో ఏడాది తిరిగేసరికి సరళమైన డిజైన్ అని మొదలైనది ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని కోడ్‌గా మిగులుతుంది.

మన దగ్గర ఇంకా తరచుగా కనిపించేది రెండు వారాల స్ప్రింట్, చేతితో చేసే రిగ్రెషన్ టెస్టింగ్ (కొత్త మార్పు వల్ల పాతవి చెడలేదని మళ్లీ పరీక్షించడం). స్ప్రింట్‌లో పని దినాలు 10. పూర్తి రిగ్రెషన్‌కు ఇద్దరు టెస్టర్లకు 5 రోజులు పడుతుందనుకోండి. అంటే ఐదో రోజు సాయంత్రానికే కోడ్ ఆగిపోవాలి. ఎవరూ ఆపరు. దాంతో టెస్టింగ్ తర్వాతి స్ప్రింట్‌లోకి జారుతుంది. ఏడో స్ప్రింట్ బగ్‌లు ఎనిమిదో స్ప్రింట్ మధ్యలో వచ్చి పడతాయి, అప్పటికి డెవలపర్ తల వేరే పనిలో ఉంటుంది. మూడు నెలలకు ‘హార్డెనింగ్ స్ప్రింట్’ అని ఒకటి పుట్టుకొస్తుంది. పేరు ఏదైనా అది పాత టెస్టింగ్ దశే.

ఇలాంటి చోట మూడు దారులున్నాయి. నాలుగు వారాల స్ప్రింట్ పెట్టుకుంటే 20 రోజుల్లో 5 రిగ్రెషన్‌కు పోతాయి, అది భరించదగిందే. లేదా స్ప్రింట్లే మానేసి పనిని ఒక్కొక్కటిగా పూర్తి చేస్తూ నెలకోసారి రిలీజ్ చేయవచ్చు. మూడోది, కొత్త పని వేగం తగ్గించుకుని ముందు డబ్బు, లాగిన్, రిపోర్టుల లాంటి కీలకమైన 30 దారులకు ఆటోమేషన్ రాసి, ఆ తర్వాతే రెండు వారాలకు రావచ్చు. మూడోదే మంచిది, కానీ రెండు మూడు నెలలు కొత్త ఫీచర్లు తగ్గుతాయని యాజమాన్యం ముందే ఒప్పుకుంటేనే అది సాధ్యం. ఆ ఒప్పుకోలు లేకపోతే మొదటి దారి నిజాయితీగా ఎంచుకోవడం మేలు.

సమావేశాలకూ ఇలాంటి లెక్కే ఉంది. నెల స్ప్రింట్‌కు ప్లానింగ్ గరిష్ఠంగా 8 గంటలు, చేసింది చూపించే రివ్యూ 4, పని తీరును తామే సమీక్షించుకునే రెట్రోస్పెక్టివ్ 3, రోజువారీ సమావేశం 15 నిమిషాలు అని స్క్రమ్ గైడ్ పరిమితి. రెండు వారాలకు దాన్ని సగం చేస్తే 4, 2, ఒకటిన్నర, వీటికి తోడు పది రోజుల స్టాండప్‌లకు రెండున్నర గంటలు. మొత్తం 10 గంటలు. 80 గంటల్లో అది పెద్ద భారం కాదు. అయితే ఒకే టెస్టర్‌ను మూడు టీమ్‌లకు పంచితే ఆమెకు 30 గంటలు సమావేశాలకే పోతాయి. ‘స్క్రమ్‌లో మీటింగులు ఎక్కువ’ అన్న ఫిర్యాదు వినగానే స్టాండప్ రద్దు చేసే ముందు, ఆ మాట అన్నవాళ్లు ఎన్ని టీమ్‌లలో ఉన్నారో లెక్కపెట్టాలి.

ముందు కొలత

ఏ పద్ధతి అన్న చర్చ మొదలుపెట్టకముందే ఈ మధ్య పూర్తయిన 30 పనులు తీసుకోండి. ఒక్కోదానికీ ఆరు తేదీలు రాయండి: అడిగింది ఎప్పుడు, చేద్దామని ఒప్పుకున్నది ఎప్పుడు, కోడింగ్ మొదలు, కోడింగ్ ముగింపు, టెస్టింగ్ మొదలు, ప్రొడక్షన్‌లోకి (వాడేవాళ్ల చేతికి) వెళ్లింది. టూల్‌లో తేదీలు నమ్మదగ్గవి కాకపోతే కోడ్ కమిట్లు, ఈమెయిళ్లు చూసి సరిచూసుకోవాలి. ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. ఇది చేయకుండా కన్సల్టెంట్‌ను పిలవడం రక్తపరీక్ష లేకుండా మందు రాయించుకోవడమే.

ఉదాహరణకు మొత్తం 60 రోజుల్లో చేయి పడినవి 9 రోజులే అని తేలిందనుకుందాం. మిగతా 51 రోజులు ఎక్కడ ఆగింది? అడిగినప్పటి నుంచి ఒప్పుకునేదాకా 30 రోజులు అయితే రోగం అనుమతుల్లో ఉంది, స్ప్రింట్లు దాన్ని తాకవు. కోడింగ్ ముగిసి టెస్టింగ్ మొదలవడానికి 12 రోజులు పడితే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ కొరతో, టెస్టర్ల కొరతో ఉంది. అంతా అయ్యాక రిలీజ్ కోసం 9 రోజులు ఎదురుచూస్తే అది మార్పుల ఆమోద కమిటీ దగ్గర ఉంది. మూడింటికీ మందులు వేర్వేరు.

అన్నింటికీ ముందు, చాలా పనులు మొదలుపెట్టి సగంలో ఉంచే జబ్బు ఉందేమో చూడాలి. క్యూ లెక్కల్లో జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: నిలకడగా నడిచే వ్యవస్థలో ఒక పనికి పట్టే సగటు కాలం, చేతిలో ఉన్న పనుల సంఖ్యను పూర్తయ్యే వేగంతో భాగిస్తే వచ్చేది. 24 పనులు మొదలై ఉండి వారానికి 6 పూర్తవుతుంటే సగటున 4 వారాలు. ఎవరినీ కొత్తగా తీసుకోకుండా, ఓవర్‌టైమ్ లేకుండా, వేగం అలాగే నిలుపుకుంటూ మొదలైన వాటిని 12కు తగ్గిస్తే 2 వారాలు. మేనేజర్లకు ఇది మింగుడుపడదు. ‘మనుషులు ఖాళీగా ఉంటారు కదా’ అంటారు. ఖాళీ అయినవాళ్లు కొత్తది తెరవకుండా, ఆగిపోయిన పనిని ముందుకు నెట్టేందుకు పక్కవాళ్లకు సాయం చేయడమే ఇందులో కిటుకు.

నియమమా, అలవాటా

స్క్రమ్, ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ లాంటి పద్ధతులన్నిటికీ కలిపి ఎజైల్ అని పేరు. ‘మా రంగంలో ఎజైల్ కుదరదు, ఆడిట్ ఒప్పుకోదు’ అన్న మాట బ్యాంకింగ్, వైద్య పరికరాలు, విమానయానం చుట్టూ తరచుగా వినిపిస్తుంది. అడగాల్సింది ఒక్కటే: ఏ పత్రంలో, ఏ క్లాజులో అలా ఉంది? వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు వర్తించే ఐఈసీ 62304 ప్రమాణం ఫలానా జీవనచక్రమే వాడమని నిర్దేశించదు. కావలసింది రిస్క్ విశ్లేషణ, అవసరానికీ కోడ్‌కూ టెస్టుకూ మధ్య జాడ, మార్పుల నియంత్రణ. పైగా లోపం వల్ల జరిగే హానిని బట్టి ఎ, బి, సి అని తరగతులు చేసి, తక్కువ తరగతికి తక్కువ పత్రాలు అడుగుతుంది. అంటే తగినట్టు అమర్చుకోవడం ఆ ప్రమాణంలోనే ఉంది. సీఎంఎంఐ కూడా అంతే. 3వ స్థాయికి రావాలంటే సంస్థకు ప్రామాణిక ప్రక్రియతో పాటు, ఒక్కో ప్రాజెక్టు దాన్ని ఎలా కత్తిరించుకోవాలో చెప్పే మార్గదర్శకాలు ఉండాలి. చాలా కంపెనీల్లో ఆ పత్రం ఉంటుంది, ఆడిట్ రోజున తప్ప తెరుచుకోదు.

క్లాజు దొరికితే అది గోడ, దాని చుట్టూ కట్టుకోవాలి. దొరకకపోతే అది అలవాటు, మార్చుకోవచ్చు. ఉదాహరణకు రాసినవాడే ప్రొడక్షన్‌లో పెట్టకూడదు, రెండో మనిషి ఆమోదం నమోదై ఉండాలి అన్నది చాలా ఆర్థిక సంస్థల్లో నిజమైన గోడే. కానీ ఆ ఆమోదం బుధవారం మధ్యాహ్నం 14 మంది కూర్చునే కమిటీలోనే దొరకాలన్నది అలవాటు. వెనక్కి తీసుకోగలిగిన చిన్న మార్పులకు కోడ్ రివ్యూలో రెండో మనిషి ఇచ్చే ఆమోదం, టెస్టుల ఫలితం, మార్పు సంఖ్య ఆటోమేటిగ్గా నమోదయ్యేలా చేసి ఆడిటర్‌కు ముందే చూపించాలి. కమిటీని డేటాబేస్ నిర్మాణం మార్చే పనులకు, బయటి సంస్థలతో అనుసంధానాలకు పరిమితం చేయవచ్చు. ఆడిటర్‌ను చివర్లో కాకుండా మొదటి నెలలోనే కూర్చోబెట్టడం వల్ల తగ్గే గొడవ అంతా ఇంతా కాదు.

ఎంత బరువు కావాలి

బ్యారీ బోహ్మ్, రిచర్డ్ టర్నర్ 2003లో ఐదు కొలతలు ప్రతిపాదించారు: టీమ్ పరిమాణం, లోపం తెచ్చే నష్టం, అవసరాలు మారే వేగం, మనుషుల నైపుణ్యం, సంస్థ సంస్కృతి. ఇప్పటికీ ఇంతకంటే పనికొచ్చే జాబితా నాకు కనిపించలేదు. ఇందులో మనవాళ్లు దాటేసేది నాలుగోది. పరిస్థితిని బట్టి పద్ధతిని తానే మార్చుకోగల అనుభవజ్ఞులు ప్రతి టీమ్‌లో కొందరు లేకపోతే తేలికపాటి పద్ధతి నిలవదు. క్యాంపస్ నుంచి వచ్చిన ఎనిమిది మంది, ఒక లీడ్ ఉన్న టీమ్‌కు ‘స్వయంగా నిర్ణయించుకోండి’ అంటే నిర్ణయాలన్నీ ఆ లీడ్ మెడకే చుట్టుకుంటాయి. అలాంటి చోట కోడింగ్ నియమాలు, రివ్యూ చెక్‌లిస్టు, పని చిన్న ముక్కలుగా విడగొట్టే తీరు కాగితం మీద ఉండాలి. ఏడాది తర్వాత వాటిని సడలించవచ్చు.

ఇంకొకరి ఫలితాన్ని తెచ్చి అతికించుకోవడం గురించి ఒక్క మాట. 2012 అక్టోబర్‌లో హెన్రిక్ క్నిబెర్గ్, ఆండర్స్ ఇవార్సన్ సంగీత సేవల సంస్థ స్పాటిఫైలో పని ఎలా జరుగుతోందో ఒక పత్రంలో వివరించారు. టీమ్‌లకు, వాటి సమూహాలకు అక్కడ పెట్టుకున్న స్క్వాడ్, ట్రైబ్, చాప్టర్, గిల్డ్ అన్న పేర్లు ప్రపంచమంతా పాకాయి. అది ఆ రోజుకున్న పరిస్థితి మాత్రమేనని, ప్రయాణం ఇంకా సాగుతోందని వాళ్లే రాశారు. పేర్లు తెచ్చుకున్న కంపెనీల్లో చాలావాటికి, ఒక టీమ్ ఇంకో టీమ్‌ను అడగకుండా తన కోడ్‌ను తానే రిలీజ్ చేసుకునే వీలు లేదు. ఆ వీలు లేకుండా స్క్వాడ్ అంటే పాత మాడ్యూల్ టీమే.

సముద్రం అవతల క్లయింట్ ఉంటే

హైదరాబాద్, బెంగళూరు, విశాఖ సర్వీస్ కంపెనీల్లో పద్ధతి ఏదన్నది మొదట కాంట్రాక్టులో తేలుతుంది. ఫిక్స్‌డ్ ప్రైస్ ఒప్పందంలో ధర, గడువు, చేయాల్సిన పనుల జాబితా మూడూ బిగించేస్తారు. దాని మీద స్క్రమ్ పెడితే, ప్రతి రివ్యూలో క్లయింట్ చెప్పే మంచి సలహా ఒక చేంజ్ రిక్వెస్టుగా మారి బేరం మొదలవుతుంది. ధర, గడువు బిగించి జాబితాను వదులుగా ఉంచడం దీనికి మందు: ఇంకా మొదలుపెట్టని పనిని తీసి, దాదాపు అంతే పరిమాణం ఉన్న మరో పని పెట్టుకునే హక్కు క్లయింట్‌కు ఇవ్వాలి, దానికి అదనపు చార్జీ ఉండకూడదు. పూర్తయిన పనిని ఇన్ని పని దినాల్లో, ఉదాహరణకు ఐదింటిలో, పరీక్షించి చెప్పకపోతే ఆమోదించినట్టే అన్న క్లాజు కూడా అవసరం. అది లేకపోతే ‘పూర్తయింది’ అన్న మాటకు చివరి నెల దాకా అర్థం ఉండదు.

ఏ పని ముందు చేయాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్ సమస్య ఇంతకంటే మొండిది. నిర్ణయాధికారం ఉన్న మనిషి అమెరికాలో తన అసలు ఉద్యోగంలో మునిగి ఉంటారు. ఇక్కడ ఒక బిజినెస్ అనలిస్ట్‌ను ప్రతినిధిగా కూర్చోబెడతారు. ఆయన ఊహించి చెబుతారు, రివ్యూలో అసలు మనిషి కాదంటారు, రెండు వారాలు వృథా. ప్రతినిధిని పెట్టుకోవడం తప్పేం కాదు, ఆయన దేని మీద సొంతంగా నిర్ణయించవచ్చో రాసి ఉండకపోవడమే తప్పు. స్క్రీన్ మీద పదాల మార్పు, ఫీల్డు వరుస, ఎర్రర్ సందేశాల లాంటివి ఆయనవి. డబ్బు లెక్కలు, చట్టం, మరో సిస్టమ్‌తో సంబంధం ఉన్నవి అసలు ఓనర్‌వి, ఒక పని దినంలో జవాబు రావాలి. జవాబు కోసం ఆగిన ప్రశ్నల సంఖ్యను, ఎన్ని రోజులుగా ఆగాయో వారం వారం ఇద్దరు మేనేజర్లకూ పంపితే పరిస్థితి మారుతుంది. ఫిర్యాదుకు కదలని చోట అంకెకు కదలిక వస్తుంది.

సమయం తేడా సంగతి. హైదరాబాద్‌లో రాత్రి 9 అయితే సియాటిల్‌లో వేసవిలో ఉదయం 8:30, చలికాలంలో 7:30. మార్చిలో, నవంబర్‌లో వాళ్ల గడియారం మారినప్పుడల్లా ఎవరో ఒకరి నిద్రో భోజనమో గంట జరుగుతుంది. రోజూ రాత్రి 9కి అందరినీ స్టాండప్‌కు రప్పించడం వల్ల జరిగేది ఒకటే, అది క్లయింట్‌కు రోజువారీ నివేదికగా మారిపోతుంది. స్టాండప్ టీమ్ తనలో తాను ఈ రోజు ఏం చేయాలో తేల్చుకోవడానికి. కాబట్టి దాన్ని ఉదయం 10:30కి ఇక్కడే పెట్టుకోవాలి. క్లయింట్‌తో వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున, ఇద్దరో ముగ్గురో వంతులవారీగా కూర్చుంటే చాలు. మిగతా రోజుల్లో సాయంత్రం రాసి పంపే చిన్న నోట్ సరిపోతుంది: ఏం పూర్తయింది, ఏది ఆగింది, మాకు రేపు ఉదయానికి మీ నుంచి కావలసిన జవాబు ఏది. మూడో వాక్యం అన్నింటికంటే ముఖ్యం.

ఒక పేజీ, పన్నెండు వారాలు

ఇదంతా చూశాక తయారు కావాల్సింది ఒక పేజీ మాత్రమే. మార్చదలచిన ఒక్కో ప్రాక్టీసుకూ ఐదు విషయాలు: అది ఏ ప్రమాదాన్ని ఆపుతోంది లేదా ఏ సమాచారాన్ని తెస్తోంది, మనం దాన్ని ఎలా మారుస్తున్నాం, ఆ సమాచారం ఇకపై ఏ దారిన వస్తుంది, మార్పు చెడిందని ఏ గుర్తు చెబుతుంది, మళ్లీ ఏ తేదీన చూస్తాం. ‘రెట్రోస్పెక్టివ్ నెలకోసారి చేస్తాం’ అని రాస్తే, మధ్యలో వచ్చిన ఇబ్బందులు ఎక్కడ నమోదవుతాయో మూడో గడిలో రాయాలి. ఆ గడి నింపలేకపోతున్నారంటే మీరు దాన్ని అమర్చుకోవడం లేదు, తీసేస్తున్నారు.

ప్రయోగం ఒకటి రెండు టీమ్‌లతో, 12 వారాలు చాలు. రెండు వారాల స్ప్రింట్లు అయితే ఆరు సార్లు తిరుగుతుంది. అంతకన్నా తక్కువలో, కొత్తదనం వల్ల వచ్చిన ఊపు ఏదో, నిజమైన మార్పు ఏదో తేలదు. కంపెనీలో అందరికంటే చురుకైన టీమ్‌ను ఎంచుకుంటే అది ఏ పద్ధతిలోనైనా నెగ్గుకొస్తుంది, మిగతావాళ్లకు పనికొచ్చే సంగతి ఏమీ తెలియదు. మునిగిపోతున్న ప్రాజెక్టును ఎంచుకుంటే నింద పద్ధతి మీద పడుతుంది. మధ్యస్థంగా ఉన్నదాన్ని తీసుకోవాలి. ఒకేసారి స్ప్రింట్ నిడివి, టూల్, టీమ్ కూర్పు మూడూ మార్చవద్దు. ఫలితం ఏది వచ్చినా దేనివల్లో చెప్పలేరు.

టూల్ చివర రావాలి. పనులు నమోదుచేసే జీరా టూల్‌లో 14 దశల వర్క్‌ఫ్లో ముందే కట్టేసి టీమ్‌ను అందులో ఇమడమంటే, ఇక మార్పు అన్నది అడ్మిన్ అనుమతి కోసం వేసే టికెట్ అవుతుంది. మొదటి నాలుగు వారాలు తెల్లబోర్డు మీదో, నాలుగు నిలువు వరుసల షీట్‌లోనో నడిపి, స్థిరపడ్డాక టూల్‌లోకి ఎక్కించాలి.

కొలవడానికి వెలాసిటీ, అంటే ఒక స్ప్రింట్‌లో పూర్తయిన స్టోరీ పాయింట్ల మొత్తం, వాడవద్దు. స్టోరీ పాయింట్లు పని పరిమాణానికి ఒక టీమ్ తన ప్లానింగ్ కోసం వేసుకునే సొంత కొలత. రెండు టీమ్‌ల వెలాసిటీ పక్కపక్కన పెట్టిన మరుసటి నెల నుంచి మూడు పాయింట్ల పని ఐదు అవుతుంది. దానికి బదులు పూర్తయిన చివరి 20 పనుల లీడ్ టైమ్‌లను (అడిగినప్పటి నుంచి చేతికందేదాకా పట్టిన రోజులు) చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి 17వది చూడండి. అది 23 రోజులు అయితే, నూటికి 85 పనులు 23 రోజుల్లోపు అవుతున్నాయని క్లయింట్‌కు చెప్పవచ్చు. సగటు చెబితే దాదాపు సగం సార్లు మాట తప్పుతారు. దీనితో పాటు ప్రొడక్షన్‌కు చేరిన బగ్‌ల సంఖ్య, నెలకు రిలీజ్‌ల సంఖ్య చాలు. ఒకటి మెరుగై ఇంకోటి చెడుతోందా అన్నది ఈ మూడింటిని కలిపి చూస్తేనే తెలుస్తుంది.

హెచ్‌ఆర్ విభాగాన్ని పిలవకుండా మొదలుపెట్టిన ప్రయోగం చాలాసార్లు ఏప్రిల్‌లో, అప్రైజల్ సమయంలో ఆగిపోతుంది. టెస్టర్‌కు దొరికిన బగ్‌ల సంఖ్య మీద, డెవలపర్‌కు తన కోడ్‌లో దొరికిన బగ్‌ల సంఖ్య మీద మార్కులు వేసినంత కాలం, ఇద్దరూ కలిసి బగ్ పుట్టకముందే ఆపే పని చేయరు. చేస్తే టెస్టర్ మార్కులు పోతాయి. దొరికిన సమస్య బగ్గేనా, కొత్త అవసరమా అని గంటలు గంటలు వాదించుకోవడం వెనుక ఉన్నది సాంకేతిక భేదాభిప్రాయం కాదు, మార్కులే. ప్రయోగ కాలంలో ఆ రెండు అంకెలనూ ఆ టీమ్‌కు వర్తింపజేయబోమని హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

పన్నెండు వారాలు అయ్యాక ఆ ఒక పేజీని ముందు పెట్టుకుని ఒక్కో వరుసకూ నిర్ణయం తీసుకోవాలి: ఉంచుదామా, వెనక్కి తీసుకుందామా, ఇంకో 12 వారాలు చూద్దామా. తర్వాతి టీమ్‌కు ఆ పేజీని నింపిన రూపంలో ఇవ్వవద్దు. మొదటి గడి నింపి మిగతా నాలుగు ఖాళీగా ఇచ్చి, తమ 30 పనుల తేదీలు తీసుకురమ్మనాలి. వాళ్ల ఆలస్యం వేరే చోట ఉండవచ్చు.